విజ్ఞాన వేదిక: సగటుకు అందని సుడులు

ప్రతి సంవత్సరం దసరా, దీపావళి పండుగల నడుమ వైశాలి, వసుంధర, ఇందిరాపురం కాలనీలలో నివసించే మన ఉద్యోగుల కుటుంబాలకు ఒక ఇబ్బంది తప్పదు. హరిద్వార్ వద్ద బయలుదేరే ఎగువ గంగా కాలువను పూడికతీత కొరకు మూసివేస్తారు. ప్రతాప్ విహార్ నీటిశుద్ధి కేంద్రానికి గంగాజలం అందదు. కుళాయిలలో ధార సన్నగిల్లుతుంది, ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు మొదలవుతాయి. పండుగ పూట ఈ యాతన ఏమిటని గృహిణులు విసుగుకోవడం సహజం. అయితే ఆ పూడికను కాలువలోకి తెచ్చేది నీరే, అడుగున పడవేసేదీ నీరే. ఏ క్షణాన మోస్తుంది, ఏ క్షణాన వదలుతుంది అన్న ప్రశ్నకు సమాధానం వెదకబోతే జలశాస్త్రంలోని అతి కఠినమైన అధ్యాయం తెరుచుకుంటుంది. అదే సంక్షుబ్ధ ప్రవాహం. ఇంజనీర్ల నిత్యవ్యవహారంలో దీనిని టర్బులెన్స్ అంటాము. దానిని పరిశీలించడానికి గత నాలుగు దశాబ్దాలలో రూపుదిద్దుకున్న ఒక గణిత సాధనాన్ని గూర్చి ఈ సంచికలో ముచ్చటించుకుందాం.

ఈ గంగా కాలువ 1854లో ప్రారంభమయింది. నిర్మాత ప్రోబీ కాట్లీ. కాలువ వాలు అవసరానికి మించి ఉండటం వలన నీరు వేగంగా పరుగెత్తి అడుగును కోసివేసింది. మన గోదావరి ప్రజలు అపర భగీరథునిగా తలచుకొనే సర్ ఆర్థర్ కాటన్ 1860 దశకంలో ఈ కాలువ నిర్మాణాన్ని తీవ్రంగా విమర్శించారు. ఇద్దరు మహా ఇంజనీర్ల మధ్య వాదోపవాదాలు చాలాకాలం సాగాయి. నీరు నెమ్మదిగా పోతే పూడిక, వడిగా పోతే కోత. ఈ రెంటికీ మధ్య తగిన వేగాన్ని ఎంచుకోవడమే కాలువల ఇంజనీరు పని. ఆ వేగాన్ని ఇంతవరకు మనం ఎక్కువగా సగటు వేగంగానే లెక్కిస్తూ వచ్చాము. ఆ సగటు వెనుక దాగినదేమిటో చూద్దాం.

సంక్షుబ్ధ ప్రవాహం అనగా ఏమి?

వంటింటి కుళాయిని కొద్దిగా తిప్పితే ధార గాజుకడ్డీ వలె నున్నగా జారుతుంది. పూర్తిగా తిప్పితే అదే ధార ముడుతలు పడి గజిబిజిగా దూకుతుంది. మొదటిది స్తరీయ ప్రవాహం, రెండవది సంక్షుబ్ధ ప్రవాహం. 1883లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో ప్రవహించే నీటిలోనికి సన్నని రంగు ధారను వదిలి ఈ మార్పును శాస్త్రీయంగా నిరూపించాడు. వేగం తక్కువగా ఉన్నప్పుడు రంగు గీత గీతగానే సాగింది. వేగం ఒక హద్దు దాటగానే ఆ గీత చెదరి గొట్టమంతా వ్యాపించింది.

సంక్షుబ్ధ ప్రవాహంలో అనేక పరిమాణాల సుడులు కలగలిసి ఉంటాయి. పెద్ద సుడి విడిపోయి చిన్న సుడులకు తన శక్తిని ఇస్తుంది, అవి ఇంకా చిన్న వాటికి ఇస్తాయి, చివరకు ఆ శక్తి నీటి స్నిగ్ధత వలన వేడిగా మారి అణగిపోతుంది. 1922లో రిచర్డ్సన్ ఈ భావాన్ని చెప్పగా, 1941లో రష్యా గణితవేత్త కొల్మొగొరోవ్ దానికి సూత్రరూపం ఇచ్చాడు. రేనాల్డ్స్ 1895లో చూపిన దారి మరొకటి: ఒకచోట నీటి వేగాన్ని సగటు, ఒడిదుడుకులు అని రెండు భాగాలుగా విడదీయడం. కాలువలు, పైపులైన్లు, టర్బైన్లు నిర్మించడంలో ఈ పద్ధతి మనకు అపారమైన సేవ చేసింది. దానిని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

మూడు వరుసల లెక్క

పాఠకులు కాగితం, పెన్సిలు తీసుకోవలసిందిగా మనవి. ఒకచోట నీటి వేగాన్ని వరుసగా ఎనిమిదిసార్లు కొలిచామనుకుందాం. సెకనుకు ఇన్ని అడుగులని లెక్క.

మొదటి వరుస: 8, 12, 8, 12, 8, 12, 8, 12.
రెండవ వరుస: 8, 8, 8, 8, 12, 12, 12, 12.
మూడవ వరుస: 9, 9, 9, 9, 9, 9, 9, 17.

మూడింటి సగటు 10. మొదటి రెండు వరుసలలో సగటునుండి వచ్చే తేడాల పరిమాణం కూడా సమానమే. పట్టికలో సగటును మాత్రమే వ్రాసుకున్న ఉద్యోగికి మూడు ప్రవాహాలూ ఒకటే. వాస్తవంలో మొదటిది చిన్న చిన్న సుడుల ప్రవాహం, రెండవది ఒక పెద్ద సుడి దాటిపోయిన ప్రవాహం, మూడవది ప్రశాంతంగా సాగుతూ చివరి క్షణాన విసురుగా తాకిన ప్రవాహం. నీరు కలిగించే తాకిడి వేగపు వర్గాన్ని అనుసరించి ఉంటుందని మనకు తెలుసు. 10 వర్గం 100. 17 వర్గం 289. అనగా సగటు వేగాన్ని బట్టి ఊహించిన దానికి దాదాపు మూడు రెట్ల తాకిడి ఆ ఒక్క క్షణంలో పడింది. ఇసుక రేణువును అడుగునుండి లేపేదీ, కాంక్రీటు అతుకును వదులుచేసేదీ అటువంటి క్షణమే.

ఇది కాగితం మీది ముచ్చట మాత్రమే కాదు. 1970లో మెక్సికోలోని మాల్పాసో ఆనకట్ట స్పిల్‌వే దిగువన, నీటి ఉధృతిని అణచే స్టిల్లింగ్ బేసిన్‌లో వందల టన్నుల బరువుగల కాంక్రీటు పలకలు పెకలిపోయాయి. ఆనాడు వదిలిన నీరు ఆ నిర్మాణం తట్టుకోవలసిన గరిష్ఠ ప్రవాహం కన్న చాలా తక్కువ. పలక మీద సగటు ఒత్తిడిని లెక్కించితే అది కదలరాదు. కాని పీడనపు ఒడిదుడుకులు అతుకుల గుండా పలక అడుగుకు చేరుతాయి. పైన పీడనం ఒక్క క్షణం తగ్గినప్పుడు అడుగున అది హెచ్చుగా ఉంటే పలక పైకి లేస్తుంది. సగటు ఒత్తిడి ఎంత నిబ్బరంగా ఉన్నా, పైన తక్కువ, క్రింద ఎక్కువ అనే ఆ క్షణమే పలకను పెకలిస్తుంది. మన శ్రీశైలం ఆనకట్ట దిగువ మడుగులో నీటి ధాటికి ఏర్పడిన గోయి చిరకాలంగా ఇంజనీర్ల ఆందోళనకు కారణమై ఉన్నది. 2009 అక్టోబరు వరదలో 19 లక్షల క్యూసెక్కులకు రూపొందించిన ఆ ప్రాజెక్టుకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చిపడింది. అటువంటి చోట నీరు ఏ క్షణంలో ఎంతగా కొట్టినదన్న వివరం దిగువ ప్రాంత ప్రజల భద్రతకు సంబంధించిన విషయం.

ఫోరియర్ పద్ధతి, దాని హద్దు

ఒడిదుడుకులను విడదీయడానికి మనం కళాశాలలో నేర్చుకున్న సాధనం ఫోరియర్ విశ్లేషణ. ఏ సంకేతాన్ని అయినా వేర్వేరు పౌనఃపున్యాలుగల తరంగాల మొత్తంగా వ్రాయవచ్చునని ఫోరియర్ తన 1822 నాటి ఉష్ణ సిద్ధాంతంలో చూపాడు. ప్రవాహంలో ఏ పరిమాణపు సుడులకు ఎంత శక్తి ఉన్నదో ఈ పద్ధతి చక్కగా చెబుతుంది. అవి ఎప్పుడు వచ్చాయో మాత్రం ఆ శక్తి పట్టికలో కనిపించదు.

సంగీతం తెలిసినవారికి ఒక ఉదాహరణ. ఆరభి, దేవగాంధారి రాగాలకు ఆరోహణ అవరోహణలు ఒకటే. స్వరాల జాబితా చూచి రాగాన్ని పోల్చుకోలేము. ఏ స్వరం ఎక్కడ, ఎంతసేపు, దేని తరువాత వచ్చింది అన్న సంచారాన్ని బట్టే రసికులు ఇది ఆరభి, ఇది దేవగాంధారి అని గుర్తిస్తారు. ఫోరియర్ పట్టిక మనకు స్వరాల జాబితాను ఇస్తుంది. నీటి సుడులకు సంచారం కూడా కావాలి.

సంకేతాన్ని ముక్కలుగా కోసి ఒక్కొక్క ముక్కకు విడిగా విశ్లేషణ చేయవచ్చునని 1946లో డెనిస్ గాబర్ సూచించాడు. ఇక్కడ చిక్కు ఏమనగా, ముక్క పొడవు ఒకసారి నిర్ణయిస్తే అన్ని సుడులకూ అదే కొలత. పొడవైన ముక్కలో చిన్న సుడి ఎక్కడున్నదీ తెలియదు, పొట్టి ముక్కలో పెద్ద సుడి ఇమడదు.

తరంగిక పుట్టుక

ఈ చిక్కును విప్పినవాడు ఒక ప్రభుత్వరంగ సంస్థ ఇంజనీరు అని తెలిస్తే మన పాఠకులకు సంతోషం కలుగుతుంది. ఆనాడు ఫ్రాన్సు ప్రభుత్వరంగ చమురు సంస్థగా ఉన్న ఎల్ఫ్ ఆకితేన్‌లో జాన్ మొర్లే భూభౌతిక ఇంజనీరు. భూమిలోనికి ప్రకంపనలు పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులను బట్టి చమురు పొరలను గుర్తించడం ఆయన వృత్తి. స్థిరమైన ముక్కకు బదులుగా, సాగదీయడానికీ కుదించడానికీ వీలైన ఒక చిన్న అలను సంకేతం పొడవునా జరుపుతూ పోల్చి చూడాలని ఆయనకు తోచింది. చిన్న సుడికి కుదించిన అల, పెద్ద సుడికి సాగదీసిన అల. భౌతిక శాస్త్రవేత్త అలెక్స్ గ్రాస్మన్ దీనికి గణిత పునాది వేయగా ఇద్దరూ కలిసి 1984లో ప్రకటించారు. ఆ చిన్న అలకు వేవ్‌లెట్ అని పేరు. తెలుగులో తరంగిక అందాం. తరువాత ఈవ్ మెయెర్, స్టెఫాన్ మాలా, ఇంగ్రిడ్ డోబెషీ దీనిని సమగ్ర శాస్త్రంగా తీర్చిదిద్దారు. మెయెర్‌కు 2017లో ఆబెల్ పురస్కారం లభించింది. సంక్షుబ్ధ ప్రవాహాలకు తరంగికలను అన్వయించే తీరును వివరిస్తూ 1992లో మరీ ఫార్జ్ వ్రాసిన సమీక్షా వ్యాసం పరిశోధకులకు మార్గదర్శి అయింది.

తరంగికకు ఉండవలసిన ముఖ్య లక్షణం ఏమిటంటే దాని మిట్టలు, పల్లాలు కలిపితే సున్న కావాలి. అందువలన నిలకడగా సాగే ప్రవాహం వద్ద అది ఏమీ పలకదు. మార్పు ఉన్నచోట, ఆ మార్పు తన పరిమాణానికి సరిపోయినచోట మాత్రమే గట్టిగా పలుకుతుంది.

అతి సరళమైన తరంగికను హంగరీ గణితవేత్త ఆల్ఫ్రెడ్ హార్ 1910లోనే ఇచ్చాడు. దానితో మన మూడవ వరుసను చూద్దాం. పక్కపక్కన ఉన్న అంకెలను జతలుగా తీసుకొని, రెండవదాని నుండి మొదటిదానిని తీసివేయండి. వచ్చేవి 0, 0, 0, 8. జతల సగటులు 9, 9, 9, 13. వీటిని మళ్ళీ జతలు కడితే తేడాలు 0, 4. సగటులు 9, 11. ఇంకొకసారి చేస్తే తేడా 2, సగటు 10. ఇప్పుడు వెనుకకు చదవండి. 2 అనే అంకె అలజడి రెండవ సగంలో ఉన్నదని చెప్పింది. 4 అనే అంకె అది చివరి నాలుగవ వంతులో ఉన్నదని చెప్పింది. 8 అనే అంకె చివరి జతను చూపించింది. అలజడి ఎంత, ఏ పరిమాణంలో, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దొరికింది. మొదటి రెండు వరుసలకు ఇదే లెక్క చేయడం ఇంటిలోని పిల్లలకు వదలుతున్నాను. ఒకదానిలో చిన్న జతల వద్దనే, మరొకదానిలో పెద్ద సగాల వద్దనే తేడా కనిపిస్తుంది.

బెంగుళూరు పరిశోధనలు

ఈ రంగంలో మన దేశం వెనుకబడి లేదు. బెంగుళూరులో 1933లో జన్మించిన ఆచార్య రొద్దం నరసింహ ఇంటిపేరు అనంతపురం సీమలోని రొద్దం గ్రామాన్ని తలపిస్తుంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సతీష్ ధావన్ శిష్యునిగా మొదలై, నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ డైరెక్టరుగా 1984 నుండి 1993 వరకు పనిచేసి, 2020 డిసెంబరులో కన్నుమూసే వరకు ఆయన సంక్షుబ్ధ ప్రవాహాలను అధ్యయనం చేశారు.

అడుగు గోడను ఆనుకొని సాగే నీరు ఉండి ఉండి ఒక్కసారిగా పైకి విసిరినట్లు లేస్తుందని 1967లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో క్లైన్ బృందం హైడ్రోజన్ బుడగల సాయంతో చూపింది. ఈ విసురులు ఎంతసేపటికి ఒకసారి వస్తాయన్నది ప్రశ్న. నారహరి రావు, నరసింహ, బద్రి నారాయణన్ బెంగుళూరులో గాలి సొరంగంలో వేడితీగ పరికరంతో కొలిచి 1971లో జవాబు ప్రకటించారు. వేగ సంకేతాన్ని వడపోసి, మిగిలిన అలజడుల గుంపులను వారు లెక్కించారు. అప్పటికి తరంగిక అన్న మాట లేదు. అయినా ఏ పరిమాణపు అలజడి ఏ క్షణాన వచ్చిందని వెదకడమే ఆ పని. వారు తేల్చినది ఇది: విసురుల మధ్య విరామాన్ని నిర్ణయించేది గోడ దగ్గరి పలుచని పొర కాదు, ప్రవాహం మొత్తం మందం, దాని పైభాగపు వేగం.

దీని ప్రయోజనం పెద్దది. గాలి సొరంగంలో తేలిన సూత్రాన్ని నదికి అన్వయించడానికి దారి దొరికింది. 1976లో జాక్సన్ అనే అమెరికా పరిశోధకుడు నది ఉపరితలం మీద నీరు ఉబికి పళ్ళెంలా పరచుకొనే చోట్లను ఈ విసురులతో ముడిపెట్టాడు. ఆ ఉబుకులతో పాటు అడుగున ఉన్న ఇసుక కూడా పైకి వస్తుంది. విరామం ఎంతో సుమారుగా లెక్కించాలంటే లోతును 5 లేదా 6తో హెచ్చించి ఉపరితల వేగంతో భాగించాలి. రెండు మీటర్ల లోతు, సెకనుకు ఒక మీటరు వేగం గల కాలువలో 10 నుండి 12 సెకన్లు వస్తుంది. మన ప్రాంతపు హిండన్ కాలువ వంటి చోట వంతెన మీద పిట్టగోడ వెనుక నిలబడి గడియారం చూస్తూ ఉబుకులను లెక్కించవచ్చు. విరామం ప్రతిసారీ ఒకే విధంగా ఉండదు, అనేక ఉబుకుల సగటు మాత్రమే ఈ లెక్కకు దగ్గరగా వస్తుంది. పిల్లలను గట్టు దిగనివ్వకూడదు.

తరువాతి దశలో బెంగుళూరు శాస్త్రజ్ఞులు తరంగికలను నేరుగా నీటి మీద ప్రయోగించారు. నీటి తొట్టిలో మేఘాన్ని పోలిన ఏర్పాటు వారిది. మేఘంలో నీటి ఆవిరి చల్లబడి బిందువులుగా మారేటప్పుడు వేడి విడుదలవుతుంది. దానిని అనుకరించడానికి కొద్దిగా ఆమ్లం కలిపిన నీటిని ధారగా పంపి, కొంత ఎత్తు చేరిన తరువాత విద్యుత్తుతో దానిని వేడిచేశారు. భట్, నరసింహ 1996లో ఈ ప్రయోగ ఫలితాలు ప్రకటించారు. ధార వేడెక్కిన తరువాత చుట్టుప్రక్కల నీటిని తనలో కలుపుకొనే గుణం తగ్గింది. ఎందువలన? రంగు కలిపిన ధార మీద లేజరు కాంతిని ప్రసరింపజేసి తీసిన చిత్రాలను కైలాస్, సక్సేనా, నరసింహ తరంగికలతో విశ్లేషించి 2002లో వివరించారు. మామూలు ధారలో పెద్ద సుడులు ఒక క్రమంలో ఉంటాయి. బయటి నీటిని లోపలికి లాగేవి అవే. వేడి చేసినప్పుడు ఆ క్రమం చెదరుతుంది. కంటికి గజిబిజిగా కనిపించే చిత్రం నుండి తరంగికలు ఆ క్రమాన్ని బయటికి తీశాయి. మేఘం చుట్టూ ఉన్న పొడిగాలిని ఎంతగా కలుపుకుంటుందో దానిని బట్టి అది పెరగడమో కరగడమో జరుగుతుంది. రుతుపవనాల మీద బ్రతుకు ఆధారపడిన మన రైతులకు ఈ తొట్టిలోని నీటితో సంబంధం అక్కడ ఉన్నది.

సాధనపు పరిమితులు

ఏ సాధనానికైనా హద్దులుంటాయి. కాలాన్ని సూక్ష్మంగా పట్టుకున్న తరంగిక పౌనఃపున్యాన్ని అంత సూక్ష్మంగా చెప్పలేదు. రెండూ ఒకేసారి కావాలంటే ప్రకృతి ఒప్పుకోదు. కొలతల వరుసకు మొదట, చివర ఉన్న భాగాలలో తరంగికలో కొంత వరుస వెలుపలకు పోతుంది గనుక అక్కడి ఫలితాలను నమ్మరాదు. సెకనుకు ఒక్కసారి కొలిచే పరికరం రెండు సెకన్ల కన్న త్వరగా ముగిసే అలజడిని పట్టలేదు, ఎంత గొప్ప గణితమూ ఆ లోటును తీర్చలేదు. అన్నిటికన్న ముఖ్యంగా, తరంగిక ఏమి జరిగిందో చూపుతుందే గాని ఎందుకు జరిగిందో చెప్పదు. కారణం వెదకడం ఇంజనీరు పని.

మనం చేయవలసినది

ఇప్పుడు మన కర్తవ్యం. పీడనం, ప్రవాహం, కంపనం కొలిచే పరికరాలు నేడు సెకనుకు వందసార్లు చదవగలవు. ఆ లెక్కన ఒక్క పరికరం రోజుకు 86,40,000 అంకెలను ఇస్తుంది. ఇంత భారం ఎందుకని గంట సగటులు తీసుకొని అసలు అంకెలను చెరిపివేయడం అనేకచోట్ల అలవాటు. నివేదిక శుభ్రంగా ఉంటుంది, దస్త్రం పలుచగా ఉంటుంది. కాని సగటు తీసిన తరువాత మూడవ వరుసలోని 17 ఎక్కడున్నదో ఎవరూ చెప్పలేరు. ప్రమాదం జరిగిన నాడు విచారణ సంఘం అడిగేది ఆ 17నే.

భారం తగ్గించే ఉపాయం కూడా తరంగికలోనే ఉన్నది. పైన మన ఎనిమిది అంకెలు తరంగిక లెక్కలో 10, 2, 4, 8 అనే నాలుగు అంకెలుగా, నాలుగు సున్నలుగా మారాయి. సున్నలను దాచనవసరం లేదు. అవి ఏ స్థానంలోనివో గుర్తుంటే ఆ నాలుగు అంకెల నుండి మొత్తం వరుసను తిరిగి వ్రాయవచ్చు, చేసి చూడండి. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. 1990 దశకంలో వేలిముద్రలను భద్రపరచడానికి ఎంచుకున్నదీ, జేపెగ్ 2000 అనే చిత్రాల పద్ధతికి ఆధారమైనదీ ఈ సూత్రమే. ఇసుమంత తేడాలను వదలి, పెద్ద తేడాలను వాటి స్థానంతో సహా భద్రపరిస్తే దస్త్రమూ పెరగదు, విసురూ పోదు.

కనుక యంత్రశాలలలో, పంపుహౌసులలో, ప్రాజెక్టులలో పనిచేసే మన సహోద్యోగులకు ఒక విన్నపం. సగటు పట్టికను తప్పక తయారుచేయండి, దాని అవసరం ఎన్నటికీ పోదు. అయితే ముడి కొలతలను, కనీసం వరదలు, గేట్లు ఎత్తడం, యంత్రం ఆగడం వంటి సమయాలలోని కొలతలను, చెరపకుండా తేదీ, గంట, పరికరం వేగం వ్రాసి భద్రపరచండి. నేడు మన చేతిలో ఉన్న గణితానికి అందనిది రేపు మన పిల్లల చేతిలోని గణితానికి అందవచ్చు. 1971 నాటి బెంగుళూరు కొలతలు నదుల ఇసుకను గూర్చి అమెరికాలో ఉపయోగపడతాయని ఆనాడు ఎవరూ అనుకొని ఉండరు. ఉన్న కొలత ఎప్పటికైనా అక్కరకు వస్తుంది. చెరిపిన కొలతను ఏ తరంగికా తిరిగి తేలేదు.